జఠర ఉబ్బుసిరల రక్తస్రావము – ఎండోస్కోపీ చికిత్సలు

జఠర ఉబ్బుసిరలు అనగా జీర్ణాశయపు (జఠరపు) గోడలో, లోపలి శ్లేష్మపు పొరకు దిగువన ఉబ్బి మెలికలు తిరిగిన సిరలు. కాలేయ వ్యాధుల వలన గాని, ద్వారసిర లేక ప్లీహసిర మూసుకొనిపోవుట వలన గాని ఇవి ఏర్పడతాయి. అన్నవాహికలోని ఉబ్బుసిరలతో పోల్చినపుడు ఇవి తక్కువ మందిలో కనిపిస్తాయి, తక్కువ తరచుగా పగులుతాయి. కాని పగిలినపుడు పోయే రక్తము ఎక్కువ. దానిని ఆపుట కష్టము. ఆగిన తరువాత మరల మొదలయ్యే అవకాశము కూడా ఎక్కువ.

ఈ రక్తస్రావమును ఎండోస్కోపు (అంతర్దర్శిని) ద్వారా ఆపుటకు మూడు ప్రధాన పద్ధతులు వాడుకలోనికి వచ్చాయి. అవి సిరను గట్టిపరచే మందును ఎక్కించుట, రబ్బరు పట్టీ బిగించుట, సయనోఅక్రిలేట్ జిగురును సిరలోనికి ఎక్కించుట. వీటికి తోడు ఎండోస్కోపీ అల్ట్రాసౌండు సాయముతో లోహపు తీగచుట్టలను అమర్చే పద్ధతి కూడా వచ్చింది. వీటిలో ఏది మేలు అనే ప్రశ్నకు ఒకే సమాధానము లేదు. ఉబ్బుసిర జఠరములో ఏ చోట ఉన్నది, అందలి రక్తము ఏ దారిన పోతున్నది అనే విషయములను బట్టి చికిత్స మారుతుంది. రక్తమును అప్పటికి ఆపుట, అది మరల రాకుండా చూచుట అనేవి కూడా రెండు వేరు వేరు లక్ష్యములు. మొదటి దానిలో సమానముగా కనిపించిన పద్ధతులు రెండవ దానిలో సమానము కాకపోవచ్చు.

ఏర్పడు విధము

జఠరము, ప్రేగులు, ప్లీహము, క్లోమముల నుండి వచ్చే రక్తము ద్వారసిర ద్వారా కాలేయమును చేరి, అక్కడి నుండి కాలేయ సిరల మీదుగా గుండెకు పోతుంది. మద్యపానము, హెపటైటిస్ బి, సి వైరసులు, కాలేయములో కొవ్వు చేరుట వంటి కారణముల వలన కాలేయములో పీచు కణజాలము పెరిగి అది గట్టిపడినపుడు (సిర్రోసిస్) ఈ దారికి అడ్డు ఏర్పడుతుంది. అప్పుడు ద్వారసిరలో పీడనము పెరుగుతుంది. రక్తము పక్కదారులు వెదుకుకొంటుంది. అంతకు ముందు సన్నగా ఉన్న సిరలు ఆ ప్రవాహమును మోయలేక ఉబ్బుతాయి.

ద్వారసిరకు, కాలేయ సిరలకు మధ్య పీడనములోని తేడా ఆరోగ్యవంతులలో 1 నుండి 5 మి.మీ. పాదరసము ఉంటుంది. అది 10 మి.మీ.కు చేరినపుడు ఉబ్బుసిరలు ఏర్పడే అవకాశము కలుగుతుంది. అన్నవాహికలోని ఉబ్బుసిరలు సాధారణముగా ఈ తేడా 12 మి.మీ. దాటిన పిదపనే పగులుతాయి. జఠర ఉబ్బుసిరలు అంతకంటె తక్కువ పీడనము వద్ద కూడా పగులవచ్చు. జఠరపు పైభాగములోని ఉబ్బుసిరలు పెక్కు మందిలో ఎడమ మూత్రపిండ సిరలోనికి ఒక పెద్ద పక్కదారిని ఏర్పరచుకొంటాయి. ఆ దారిన రక్తము పోవుట వలన పీడనము కొంత తగ్గుతుంది, కాని ప్రవాహము పెద్దదవుతుంది, సిర వెడల్పవుతుంది. వెడల్పైన సిర గోడపై ఒత్తిడి ఎక్కువ. ఈ పక్కదారి చికిత్సలో కూడా ముఖ్యమైన పాత్ర వహిస్తుంది. సిరలోనికి ఎక్కించిన ఏ పదార్థమైనా ఈ దారిన కొట్టుకొనిపోయి గుండెకు, ఊపిరితిత్తులకు చేరవచ్చు.

కాలేయము ఆరోగ్యముగా ఉన్నవారిలో కూడా జఠర ఉబ్బుసిరలు ఏర్పడవచ్చు. క్లోమపు వాపు వలన దాని వెనుకగా పోయే ప్లీహసిర గడ్డకట్టి మూసుకొనిపోతే, ప్లీహము నుండి వచ్చే రక్తము జఠరపు పొట్టి సిరల గుండా మళ్ళుతుంది. భారతదేశములో పిల్లలలో, యువకులలో ద్వారసిర మూసుకొనిపోవుట వలన కూడా ఈ వ్యాధి కనిపిస్తుంది.

వర్గీకరణ

భారతీయ వైద్యుడు శివకుమార్ సరీన్, ఆయన సహచరులు ఢిల్లీలో 568 మంది ద్వారసిర అధికపీడన రోగులను దీర్ఘకాలము పరిశీలించి 1992లో ప్రచురించిన వర్గీకరణ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. దీని ప్రకారము ఉబ్బుసిరలు నాలుగు రకములు.

* జీఓవీ 1: అన్నవాహిక ఉబ్బుసిరలు జఠరపు చిన్న వంపు వెంట కిందికి కొనసాగినవి. ఇవే అన్నిటికంటె సామాన్యము, జఠర ఉబ్బుసిరలలో సుమారు 75 శాతము.
* జీఓవీ 2: అన్నవాహిక ఉబ్బుసిరలు జఠరపు పైగుమ్మటము (ఫండస్) వైపు కొనసాగినవి.
* ఐజీవీ 1: అన్నవాహికతో సంబంధము లేకుండా పైగుమ్మటములో మాత్రమే ఉన్నవి.
* ఐజీవీ 2: జఠరములో ఇతర చోట్ల గాని, చిన్నప్రేగు మొదటి భాగములో గాని ఉన్నవి. ఇవి అరుదు.

ఆ పరిశీలనలో 20 శాతము మందిలో జఠర ఉబ్బుసిరలు కనిపించాయి. వీటి నుండి రక్తస్రావము 25 శాతము మందిలోను, అన్నవాహిక ఉబ్బుసిరల నుండి 64 శాతము మందిలోను కలిగింది. కాని రక్తస్రావము కలిగినవారికి ఎక్కించవలసి వచ్చిన రక్తము జఠర ఉబ్బుసిరలలో సగటున 4.8 యూనిట్లు కాగా, అన్నవాహిక ఉబ్బుసిరలలో 2.9 యూనిట్లు మాత్రమే. పైగుమ్మటములో విడిగా ఉన్న ఐజీవీ 1 రకములో 78 శాతము మందికి రక్తస్రావమైనది.

లక్షణములు

రక్తపు వాంతి ప్రధాన లక్షణము. వాంతి ఎర్రని రక్తముగా గాని, గడ్డలుగా గాని, కాఫీ పొడి వంటి నల్లని పదార్థముగా గాని ఉండవచ్చు. మలము తారు వలె నల్లగా, జిగటగా, దుర్వాసనతో వెలువడవచ్చు. కళ్ళు తిరుగుట, చెమటలు పట్టుట, నాడి వేగము పెరుగుట, రక్తపీడనము పడిపోవుట, స్పృహ తప్పుట తీవ్ర రక్తనష్టమునకు గుర్తులు. ఉబ్బుసిర పగిలినపుడు కడుపులో నొప్పి ఉండకపోవచ్చు. రక్తపు వాంతికి జీర్ణవ్రణములు (అల్సర్లు) కూడా సామాన్య కారణమే. సిర్రోసిస్ ఉన్నవారిలో సైతము అవి ఉండవచ్చును గనుక ఎండోస్కోపీ చేయనిదే కారణము తేలదు.

ఎండోస్కోపీకి ముందు

రోగికి శ్వాస, రక్తప్రసరణ నిలకడగా ఉండేటట్లు చూచుట మొదటి పని. రక్తమును అవసరమైనంత మాత్రమే ఎక్కిస్తారు. రక్తవర్ణకము (హీమోగ్లోబిన్) 7 నుండి 8 గ్రాముల వద్ద నిలిపితే చాలును. అతిగా ఎక్కిస్తే ద్వారసిర పీడనము పెరిగి రక్తస్రావము మరింత కావచ్చు. బార్సిలోనాలో 921 మంది జీర్ణమార్గ రక్తస్రావ రోగులపై జరిగి 2013లో వెలువడిన అధ్యయనములో, 7 గ్రాముల కంటె తగ్గినపుడు మాత్రమే రక్తము ఎక్కించినవారు ఎక్కువ మంది బ్రతికారు.

ద్వారసిరలోనికి రక్తప్రవాహమును తగ్గించే టెర్లిప్రెసిన్, ఆక్ట్రియోటైడ్, సొమాటోస్టాటిన్‌లలో ఒక మందును అనుమానము కలిగిన వెంటనే, ఎండోస్కోపీ కొరకు వేచి ఉండక మొదలుపెడతారు. సూక్ష్మజీవుల వలన కలిగే సోకులను నివారించుటకు సెఫ్‌ట్రయాక్సోన్ వంటి యాంటీబయాటిక్ ఇస్తారు. సిర్రోసిస్ రోగులలో ఈ సోకులు మరణమునకు, మరల రక్తస్రావమునకు దారితీస్తాయి కావున ఇది చికిత్సలో ముఖ్య భాగము. రోగి నిలకడపడిన తరువాత, ఆసుపత్రికి చేరిన 12 గంటల లోపున ఎండోస్కోపీ చేయుట మంచిది.

ఎండోస్కోపీ పద్ధతులు

స్క్లీరోథెరపీ

సిరలోనికి లేక దాని పక్కన ఆల్కహాలు, పాలిడోకెనాల్, ఇథనోలమైన్ ఓలియేట్ వంటి మందును ఎక్కించి సిర గోడలో తాపము పుట్టించి, రక్తమును గడ్డకట్టించుట ఈ పద్ధతి. 1939లో స్వీడను వైద్యులు క్రాఫోర్డ్, ఫ్రెంక్నర్ అన్నవాహిక ఉబ్బుసిరకు ఈ చికిత్స చేసిన విషయము ప్రచురించారు. అన్నవాహికలో ఇది చాలాకాలము వాడుకలో ఉన్నది. జఠరపు పైగుమ్మటములోని సిరలు వెడల్పైనవి, వాటిలో ప్రవాహము వేగమైనది. ఎక్కించిన మందు పనిచేయుటకు ముందే కొట్టుకొనిపోతుంది. అందువలన ఎక్కువ మందు అవసరమై, పుండ్లు పడుట, జ్వరము, ఛాతీనొప్పి కలుగుతాయి. జఠర ఉబ్బుసిరలకు ఈ పద్ధతి దాదాపు విడువబడినది.

రబ్బరు పట్టీ బిగించుట (బ్యాండ్ లైగేషన్)

ఎండోస్కోపు కొనకు అమర్చిన చిన్న గొట్టములోనికి ఉబ్బుసిరను పీల్చి, దాని మొదట రబ్బరు పట్టీని జారవిడుస్తారు. బిగిసిన భాగమునకు రక్తము అందక కొద్ది రోజులలో ఎండి రాలిపోతుంది. అమెరికాలోని డెన్వర్ నగరమునకు చెందిన స్టీగ్‌మన్, ఆయన సహచరులు 1986లో ఈ పరికరమును గూర్చి ప్రచురించారు. అన్నవాహిక ఉబ్బుసిరలకు ఇదే నేడు ప్రామాణిక చికిత్స.

జఠరములో దీనికి ఒక చిక్కు ఉన్నది. ఇక్కడి శ్లేష్మపు పొర మందమైనది, సిర లోతుగా ఉంటుంది. సిర పెద్దదైతే అది గొట్టములోనికి పూర్తిగా రాదు. పట్టీ సిర పైభాగమును మాత్రమే పట్టుకొంటుంది. పట్టీ ఊడిపోయినపుడు అక్కడ పుండు మిగులుతుంది, దాని అడుగున సిర మూసుకొనక ప్రవహిస్తూనే ఉంటుంది. అట్టి పుండు నుండి కలిగే రక్తస్రావము మొదటి దానికంటె తీవ్రము కావచ్చు. చిన్న వంపు వెంట ఉన్న జీఓవీ 1 రకపు సిరలు అన్నవాహిక సిరల కొనసాగింపే గనుక వాటికి పట్టీ పనికివస్తుంది.

సయనోఅక్రిలేట్ జిగురు

సయనోఅక్రిలేట్‌ను 1942లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కోడక్ సంస్థలో హ్యారీ కూవర్ బృందము తుపాకుల గురిచూపు అద్దములకై పారదర్శకమైన ప్లాస్టిక్‌ను వెదుకుచుండగా కనుగొన్నది. ముట్టిన ప్రతిదానికి అంటుకొనుటచే అప్పుడు దానిని పక్కన పెట్టారు. 1958లో అది జిగురుగా అమ్మకమునకు వచ్చింది. ఇళ్ళలో విరిగిన వస్తువులను అతికించే చిన్న గొట్టముల జిగురు కూడా ఈ జాతిదే. వైద్యములో వాడేది దీనిలో మరియొక రూపమైన ఎన్-బ్యూటైల్-2-సయనోఅక్రిలేట్.

జర్మనీలోని హాంబర్గ్ నగరములో నిబ్ సోహెంద్ర, ఆయన సహచరులు దీనిని ఉబ్బుసిరలలోనికి ఎక్కించి, ఫలితములను 1986లో ప్రచురించారు. ఈ ద్రవము రక్తమును తాకిన కొద్ది క్షణములలోనే గట్టిపడి సిరను లోపలినుండి మూసివేస్తుంది. చాలా చోట్ల దీనిని లిపియోడాల్ అనే అయోడిన్ కలిసిన నూనెతో, సాధారణముగా 0.5 మి.లీ. జిగురుకు 0.8 మి.లీ. నూనె చొప్పున కలిపి వాడతారు. నూనె వలన జిగురు గట్టిపడే వేగము తగ్గి, సూదిలోనే బిగుసుకొనకుండా ఉంటుంది. ఎక్స్‌రేలో జిగురు ఎక్కడికి చేరినదో కనిపిస్తుంది కూడా. అయితే నూనె ఎక్కువైతే జిగురు ఆలస్యముగా గట్టిపడి కొట్టుకొనిపోవచ్చు.

జిగురును కొద్ది కొద్దిగా, ఒక్కొక్క మారు సుమారు 1 మి.లీ. మించకుండా ఎక్కిస్తారు. వెనువెంటనే శుద్ధజలముతో సూదిని కడిగి వెనుకకు తీస్తారు. ఆలస్యమైతే సూది సిరలోనే అతుక్కొనిపోవచ్చు. వైద్యుడు, సహాయకులు, రోగి కళ్ళకు రక్షణ అవసరము. కొంత సేపటికి మొద్దు కొనతో నొక్కి చూచి, సిర మెత్తగా ఉన్నచో మరల ఎక్కిస్తారు. గట్టిపడిన జిగురు ముద్ద వారముల నుండి నెలల కాలములో శ్లేష్మపు పొరను చీల్చుకొని జఠరములోనికి రాలి, మలముతో వెలుపలికి పోతుంది.

త్రాంబిన్

రక్తమును గడ్డకట్టించే సహజ పదార్థమైన త్రాంబిన్‌ను సిరలోనికి ఎక్కించుట మరొక పద్ధతి. దీని వలన పుండ్లు పడవు, సూది అతుక్కొనదు. ధర, లభ్యత దీని వాడుకకు ఆటంకములు.

అల్ట్రాసౌండు సాయముతో తీగచుట్టలు

కొనకు అల్ట్రాసౌండు పరికరము అమర్చిన ఎండోస్కోపుతో గోడ లోపలి సిరను, అందలి ప్రవాహమును నేరుగా చూడవచ్చు. జఠరమునిండా రక్తము ఉన్నా సిర కనిపిస్తుంది. సిరలో సన్నని లోహపు తీగచుట్టను (కాయిల్) విడిచిపెట్టి, దానిపై తక్కువ మోతాదులో జిగురు ఎక్కిస్తారు. చుట్టకు ఉన్న కృత్రిమ పోగులు జిగురును పట్టి ఉంచుటచే అది కొట్టుకొనిపోయే అవకాశము తగ్గుతుంది. ప్రవాహము ఆగినదీ లేనిదీ అక్కడికక్కడే తెలుస్తుంది. చుట్టల ధర, ప్రత్యేక పరికరము, శిక్షణ పొందిన వైద్యుల అవసరము దీని పరిమితులు.

పద్ధతుల పోలిక

జిగురు, ఆల్కహాలు: ఢిల్లీలో 37 మంది రోగులపై జరిగి 2002లో వెలువడిన అధ్యయనములో ప్రవహించుచున్న రక్తము జిగురుతో 89 శాతము మందిలోను, ఆల్కహాలుతో 62 శాతము మందిలోను ఆగినది.

జిగురు, పట్టీ: తైవానులో రెండు ముఖ్యమైన అధ్యయనములు జరిగాయి. 60 మందిపై జరిగి 2001లో వెలువడిన మొదటి దానిలో, ప్రవహించుచున్న రక్తము జిగురుతో 87 శాతము, పట్టీతో 45 శాతము మందిలో ఆగినది. మరల రక్తస్రావము జిగురు వర్గములో 31 శాతము, పట్టీ వర్గములో 54 శాతము మందికి కలిగింది. 97 మందిపై జరిగి 2006లో వెలువడిన రెండవ దానిలో, అప్పటికి రక్తమును ఆపుటలో రెండు పద్ధతులు సమానముగానే (93.3 శాతము) నిలిచాయి. కాని మరల రక్తస్రావము జిగురు వర్గములో 22.4 శాతము, పట్టీ వర్గములో 43.7 శాతము మందికి కలిగింది. ఈ రెండవ అధ్యయనములో బ్రతికినవారి సంఖ్యలో చెప్పుకోదగిన తేడా లేదు.

ఈ రెండింటిని కలిపి చూచినపుడు విషయము స్పష్టమవుతుంది. నేర్పరి చేతిలో పట్టీ కూడా ఆ రాత్రికి రక్తమును ఆపగలదు. తేడా తరువాతి వారములలో బయటపడుతుంది. పట్టీ సిర ముఖమును మూస్తుంది, జిగురు సిర లోపలి భాగమును నింపుతుంది.

2015లో వెలువడిన కోక్రేన్ సమీక్ష ఈ రెండు పద్ధతులను పోల్చిన 4 అధ్యయనములను, అందలి 365 మంది రోగుల ఫలితములను పరిశీలించింది. మరల రక్తస్రావమును నివారించుటలో జిగురు మేలు కావచ్చునని, అయితే అధ్యయనములు చిన్నవి గనుక ఆధారములు బలహీనమని, మరణములను తగ్గించుటలో తేడా తేలలేదని పేర్కొన్నది.

2021లో జరిగి, 2022లో ప్రచురితమైన ఏడవ బవేనో సమావేశపు మార్గదర్శకములు ఐజీవీ 1 రకమునకు, పైగుమ్మటము వైపు సాగిన జీఓవీ 2 రకమునకు జిగురు వంటి అతికించే పదార్థములను సిఫారసు చేశాయి. జీఓవీ 1 రకమునకు పట్టీ గాని, జిగురు గాని వాడవచ్చునని తెలిపాయి.

జిగురు వలన ప్రమాదములు

జిగురు ముక్క పక్కదారిన కొట్టుకొనిపోయి ఊపిరితిత్తుల రక్తనాళములలో చిక్కుకొనుట అన్నిటికంటె భయపడవలసిన ప్రమాదము. గుండె పైగదుల మధ్య పుట్టుకతో రంధ్రము ఉన్నవారిలో అది మెదడుకు కూడా చేరవచ్చు. సోకులు, జ్వరము, జిగురు ముద్ద త్వరగా రాలిపోయి మరల రక్తస్రావము కలుగుట, సూది చిక్కుకొనుట, ఎండోస్కోపు పాడగుట ఇతర ప్రమాదములు. చైనాలో 753 మంది రోగులపై జరిగి 2010లో వెలువడిన పరిశీలనలో జిగురు త్వరగా రాలుట వలన రక్తస్రావము 4.4 శాతము మందిలోను, రక్తములో సోకు 1.3 శాతము మందిలోను, జిగురు దూర అవయవములకు చేరుట 0.7 శాతము మందిలోను కలిగాయి. ఈ ప్రమాదముల వలన మరణించినవారు 0.53 శాతము. చికిత్స లేని తీవ్ర రక్తస్రావము కంటె ఇది చాలా తక్కువ ప్రమాదము. అయినను చికిత్స తరువాత ఆయాసము, ఛాతీనొప్పి, ఒకవైపు బలహీనత కలిగితే వెంటనే పరీక్షించాలి.

ఎండోస్కోపీ ఫలించనపుడు

రక్తము ఆగనిచో లింటన్-నాక్లస్ గొట్టము వంటి గాలిబుడగ గొట్టమును జఠరములో ఉంచి, ఉబ్బించి, సిరలను నొక్కి పెడతారు. ఇది తాత్కాలికము, సాధారణముగా 24 గంటలకు మించి ఉంచరు. ఆ వ్యవధిలో కింది చికిత్సలలో ఒకటి ఏర్పాటు చేయాలి.

* టిప్స్: మెడ సిర గుండా పోయి, కాలేయములో ద్వారసిరకు, కాలేయ సిరకు మధ్య లోహపు గొట్టము (స్టెంట్) అమర్చుట. ద్వారసిర పీడనము తగ్గుతుంది. తైవానులో 72 మందిపై జరిగి 2007లో వెలువడిన అధ్యయనములో జఠర ఉబ్బుసిరల నుండి మరల రక్తస్రావము టిప్స్ వర్గములో 11 శాతము, జిగురు వర్గములో 38 శాతము మందికి కలిగింది. బ్రతికినవారి సంఖ్యలో తేడా లేదు. కాలేయము శుద్ధి చేయని రక్తము నేరుగా మెదడును చేరుటచే మతిమరుపు, మగత, స్పృహ మార్పు కలిగే అవకాశము టిప్స్‌లో ఎక్కువ.
* బీఆర్‌టీఓ: 1990 దశకములో జపానులో అభివృద్ధి చెందినది. మూత్రపిండ సిర వైపు నుండి పక్కదారిని బుడగతో మూసి, వెనుకనుండి ఉబ్బుసిరలలోనికి మందు నింపుట. 64 మందిపై జరిగి 2021లో వెలువడిన అధ్యయనములో జిగురు కంటె దీనితో మరల రక్తస్రావము తక్కువగా కలిగింది. పక్కదారి మూసుటచే ద్వారసిర పీడనము పెరిగి అన్నవాహిక ఉబ్బుసిరలు, పొట్టలో నీరు పెరుగవచ్చు. పక్కదారి లేనివారికి ఇది చేయుటకు వీలు లేదు.
* ప్లీహసిర మూసుకొనుటయే కారణమైతే ప్లీహమును తొలగించుట గాని, దాని ధమనిని మూయుట గాని వ్యాధిని మూలమునుండి పోగొడుతుంది.

చికిత్స ఎంపిక దేశమును బట్టి కూడా మారుతుంది. 2017లో వెలువడిన అమెరికా కాలేయవ్యాధుల సంఘపు మార్గదర్శకములు పైగుమ్మటపు ఉబ్బుసిరలకు టిప్స్‌ను ముందు నిలిపి, ఆ దేశములో ఈ వాడుకకు అనుమతి పొందని జిగురును నేర్పు గల కేంద్రములకు పరిమితము చేశాయి. భారతదేశములోను, ఆసియాలోని ఇతర దేశములలోను జిగురు ముఖ్య చికిత్సగా స్థిరపడినది. ఎండోస్కోపీ ఉన్న చోట జిగురు చికిత్స చేయవచ్చు. టిప్స్‌కు ప్రత్యేక శిక్షణ, ఎక్స్‌రే సదుపాయము, ఖరీదైన స్టెంటు కావలెను.

పునరావృత నివారణ

ఒకసారి రక్తస్రావము ఆగినంత మాత్రమున చికిత్స ముగియదు. కొన్ని వారముల వ్యవధిలో ఎండోస్కోపీ మరల చేసి, సిర పూర్తిగా మూసుకొనే వరకు జిగురు ఎక్కిస్తారు. ఢిల్లీలో 67 మందిపై జరిగి 2010లో వెలువడిన అధ్యయనములో మరల రక్తస్రావము జిగురు వర్గములో 15 శాతము, ప్రొప్రనలాల్ వంటి బీటా నిరోధక మందులు వాడిన వర్గములో 55 శాతము మందికి కలిగింది. మరణములు వరుసగా 3 శాతము, 25 శాతము. ఇంతవరకు రక్తస్రావము కలుగని పెద్ద ఉబ్బుసిరలు గల 89 మందిపై జరిగి 2011లో వెలువడిన అధ్యయనములో మొదటి రక్తస్రావము జిగురు వర్గములో 10 శాతము, బీటా నిరోధకములతో 38 శాతము, ఏ చికిత్స లేనివారిలో 53 శాతము మందికి కలిగింది. ఇవి ఒకే కేంద్రములో జరిగిన చిన్న అధ్యయనములు కావున, రక్తస్రావము కలుగక ముందే జిగురు వాడుట అందరికీ వర్తించే నియమముగా మారలేదు.

ఎండోస్కోపీ ఉబ్బుసిరను మూస్తుంది, దానిని పుట్టించిన వ్యాధిని మాన్పదు. మద్యము పూర్తిగా మానుట, హెపటైటిస్ బి, సి వ్యాధులకు మందులు వాడుట, తగిన వారికి కాలేయ మార్పిడి చేయుట మూలకారణమునకు చికిత్సలు. సిర్రోసిస్ ఉన్నదని తెలిసినవారు ఆస్పిరిన్, ఇతర నొప్పి మాత్రలను వైద్యుని అడగకుండా వాడరాదు. రక్తపు వాంతి గాని, నల్లని మలము గాని కనిపించినపుడు, అది తనంతట తాను ఆగినను, వెంటనే ఎండోస్కోపీ సదుపాయము గల ఆసుపత్రికి చేరాలి. పూర్వము చేసిన ఎండోస్కోపీ నివేదికను వెంట తీసుకొనిపోయినచో, ఉబ్బుసిర ఏ రకమో వైద్యునికి ముందే తెలిసి, జిగురు, రక్తము, ఇతర ఏర్పాట్లు సిద్ధము చేయుటకు సమయము కలిసివస్తుంది.

ఇవి కూడా చూడండి

* కాలేయము
* సిర్రోసిస్
* ద్వారసిర
* ప్లీహము
* హెపటైటిస్ బి
* ఎండోస్కోపీ